తిండి వ్యాపారానికి బొమ్మ గీసి, సంచి నుంచి టీషర్టు దాకా ఎక్కించడం ఎలా

మా పిన్ని కోనసీమలో ఇంటి దగ్గరే పూతరేకులు చేసి అమ్ముతుంది. కిందటి సంక్రాంతికి చాలా ముందే ఫోన్ చేసి, "డబ్బా మీదకి ఒక బొమ్మ గీసిపెట్టవే, అదే బొమ్మ సంచుల మీదా టీషర్టుల మీదా వేయిద్దాం, హైదరాబాదు నుంచి వచ్చేవాళ్ళు అడుగుతున్నారు" అంది. నేను బొమ్మలు గీసే పనిలోనే ఉన్నాను కాబట్టి వారంలో అయిపోతుందనుకున్నా. రెండు నెలలు పట్టింది. గీయడానికి పట్టింది తక్కువే, మిగతాదంతా గీసింది గుడ్డ మీదా కాగితం మీదా మగ్గు మీదా చెడకుండా పడేలా చూసుకోవడానికే పోయింది. మీది పచ్చళ్ళ వ్యాపారమైనా, టిఫిన్ బండైనా, బిర్యానీ పాయింటైనా, లేదా మీరే ఇంకొకరికి గీసిపెడుతున్నా, పని నడిచే క్రమం ఇదే. ఆ క్రమంలోనే చెప్తాను.

ముందు పెన్సిల్ పట్టుకోకండి

ఒక పూటంతా ఆ వంట జరిగే చోట కూర్చోండి. ఫోన్లో ఫొటోలు తీసుకోండి కానీ అంతకన్నా ముఖ్యం, కాగితం మీద మాటలు రాసుకోండి. ఏ గిన్నె, ఏ గరిటె, చెయ్యి ఎటు తిరుగుతోంది, ఏ చప్పుడు వస్తోంది, పనిచేసేవాళ్ళు ఒకరితో ఒకరు ఏమంటున్నారు, కొనడానికి వచ్చినవాళ్ళు ముందు దేన్ని చూస్తున్నారు. పిన్ని దగ్గర నేను రాసుకున్నవి ఇవి: బోర్లించిన కుండ, దాని పక్కన మంట పెట్టే కన్నం, ఎండు కొబ్బరాకులు, పాలలా పల్చటి బియ్యప్పిండి, అందులో ముంచిన పల్చటి గుడ్డ, ఆ గుడ్డని వేడి కుండ మీద ఒక్కసారి లాగితే పడే పొర, అది క్షణంలో ఆరి అంచు దగ్గర పైకి లేవడం.

చివర్లో ఉన్న ఆ అంచు లేవడం మీదే బొమ్మంతా నిలబడుతుందని అప్పుడు నాకు తెలియదు. అందుకే ఏదీ వదలకుండా రాసుకోమంటున్నాను.

తిండిని గీయాలా, తిండి చేసేదాన్ని గీయాలా

అందరికీ మొదట తోచేది తిండికే కళ్ళూ మూతీ పెట్టడం. నవ్వే లడ్డు, కన్ను కొట్టే సమోసా, మీసాలున్న మిరపకాయ. తప్పేం కాదు, కానీ మీ వీధిలో ఉన్న ఇంకో నాలుగు దుకాణాలకీ అదే తోచి ఉంటుంది. పైగా కొన్ని తిండ్లు బొమ్మకి లొంగవు. నేను మొదట పూతరేకునే గీశాను, తెల్లటి మడత, చిన్న కాళ్ళు, నవ్వు మొహం. పిన్ని చూసి "ఏంటే ఇది, మడతపెట్టిన తువ్వాలులా ఉంది" అంది. నిజమే. రుచి తెలిసినవాళ్ళకే అది పూతరేకు, తెలియనివాళ్ళకి కాగితం చుట్ట.

తిండినే బొమ్మ చేసి గెలిచినవాళ్ళు లేకపోలేదు. అమెరికాలో ప్లాంటర్స్ వేరుశనగల కంపెనీ బొమ్మ మిస్టర్ పీనట్ 1916లో ఒక బడి పిల్లాడు పోటీకి పంపిన గీతల్లోంచి పుట్టింది, తర్వాత ఒక చిత్రకారుడు టోపీ, ఒంటి కంటద్దం, చేతికర్ర తగిలించాడు. అక్కడ తిండి పనికొచ్చింది ఎందుకంటే వేరుశనగ కాయకి పుట్టుకతోనే నడుము ఉంది, నల్లగా నింపేసినా అది వేరుశనగే అని తెలుస్తుంది. మీ పదార్థానికి అలాంటి సొంత ఆకారం ఉంటే గీయండి. గారెకి ఉంది, నడుమ కన్నం. జంతికకి ఉంది. ఇడ్లీకి కొంచెం కష్టం, ఒక్క ఇడ్లీ అయితే గుండ్రటి దిండులా ఉంటుంది, ఇడ్లీ రేకుల స్టాండు గీస్తే వెంటనే తెలుస్తుంది. పప్పుకి, పచ్చడికి, పులుసుకి సొంత ఆకారమే లేదు, అవి ఉన్న గిన్నెదే వాటి ఆకారం.

తిండిని అసలు ముట్టుకోకుండా మనిషినే పెట్టుకున్న దారి కూడా ఉంది. అమూల్ పాప 1966 నుంచి వెన్న అమ్ముతోంది. నీలం జుట్టు, చుక్కల గౌను. నీలం జుట్టున్న పిల్ల ఎక్కడా ఉండదు కాబట్టే ఎక్కడ కనిపించినా ఆ పిల్లే అని గుర్తుపడతాం.

ఈ రెండూ చూశాక నాకు తేలిందేమిటంటే, మీ వంటలో ఇంకెక్కడా కనిపించని వస్తువునో, పని తీరునో పట్టుకోవాలి. పూతరేకుల్లో అది తెల్లటి రేకు కాదు, బోర్లించిన కుండ. అన్నిచోట్లా కుండ మూతి పైకి ఉంటుంది, ఇక్కడ అడుగు పైకి ఉంటుంది. గుండ్రటి అడుగు తల అయింది, మంట పెట్టే కన్నం నోరు అయింది, రేకు తల మీద కొంగు అయింది. ఈసారి గీసింది చూసి పిన్ని "ఇది మన కుండే కదే" అంది. ఆ మాట వచ్చేదాకా రెండో అడుగు వేయకండి. రోజూ ఆ పని చేసేవాళ్ళు బొమ్మని తమదిగా గుర్తుపట్టకపోతే కొనేవాళ్ళు కూడా పట్టరు.

వేయకూడనివి

దేవుళ్ళని వేయకండి. ఎంత భక్తితో వేసినా డబ్బా చివరికి చెత్తబుట్టలోకే వెళ్తుంది, సంచి నేల మీద పెడతారు, అది చూసి కొన్నవాళ్ళే బాధపడతారు. కులాన్ని గుర్తుచేసే జంధ్యం, పిలక లాంటివీ వద్దు, వంట ఎవరైనా చేస్తారు. లావుగా ఉన్నవాళ్ళనో నల్లగా ఉన్నవాళ్ళనో వెక్కిరించేలా ఉండే మొహాలు వద్దు, అది మీ వీధిలో పిల్లలు టీషర్టు మీద వేసుకు తిరిగే బొమ్మ. సినిమా హీరో పోలికలు అసలే వద్దు.

ముప్పై చిన్న బొమ్మలు

ఒక కాగితం మీద మూడు సెంటీమీటర్ల గళ్ళు ముప్పై గీసుకుని, ఒక్కో గడిలో రెండు నిమిషాల్లో ఒక్కో బొమ్మ వేయండి. పెన్సిల్ వద్దు, మార్కర్ పెన్ను వాడండి, చెరపడానికి వీల్లేకపోతే చెయ్యి ముందుకే వెళ్తుంది. మొదటి పది అందరికీ తోచేవే వస్తాయి, పదిహేను దాటాక మీవి మొదలవుతాయి. అందులోంచి మూడు ఏరి, లోపల గీతలన్నీ మూసేస్తూ మొత్తం నల్లగా నింపేయండి. గదికి అవతల గోడ మీద అంటించి, ఆ వ్యాపారం గురించి తెలియని ఒకరిని పిలిచి ఏమిటని అడగండి.

నా కుండని నల్లగా నింపితే ఒకరు హెల్మెట్ అన్నారు, ఇంకొకరు పుట్టగొడుగు అన్నారు. రాసుకున్న మాటలు మళ్ళీ చదివితే ఆ అంచు లేవడం కనిపించింది. తల మీద రేకు ఒక పక్క పైకి లేస్తున్నట్టు, దాన్ని చిన్న చెయ్యి రెండు వేళ్ళతో పట్టుకుని ఒలుస్తున్నట్టు గీశాక నల్లటి నీడలోనే పని కనిపించింది. మీకూ ఇలాంటి చిక్కు వస్తుంది. వచ్చినప్పుడు లోపల కళ్ళూ రంగులూ చేర్చి గట్టెక్కాలని చూడకండి, బయటి గీతలోనే ఏదో ఒకటి పొడుచుకు రావాలి. గరిటె కానీ, ఆవిరి కానీ, తలపాగా కానీ.

ఆ నల్లటి ఆకారాన్ని రెండు సెంటీమీటర్లకి తగ్గించి కూడా చూడండి. వాట్సాప్ డీపీ, డబ్బా మూత మీద సీలు, బిల్లు పైన గుర్తు, అన్నీ ఆ సైజే.

మొహం, చేతులు

కళ్ళు రెండు నల్ల చుక్కలు చాలు. కనుబొమలు మాత్రం పెట్టండి, మొహం మాట్లాడేది వాటితోనే. ముక్కు లేకపోయినా నడుస్తుంది. చేతులకి నాలుగు వేళ్ళు చాలని బొమ్మలు గీసేవాళ్ళు చాలామంది అంటారు, చిన్న సైజులో అయిదు వేళ్ళు గీస్తే కలిసిపోయి చెయ్యి దువ్వెనలా కనిపిస్తుంది కాబట్టి నేనూ నాలుగే వేస్తాను. అయితే మన వంటలో చెయ్యి చాలా చెప్తుంది, పిండి ముద్ద పట్టుకునే తీరు, అట్టు తిప్పే తీరు. ఆ ఒక్క చేతి మీద మిగతా ఒంటి మీద కన్నా ఎక్కువసేపు కూర్చోండి.

పేరు ఈ దశలోనే పెట్టేయండి. పేరు పెట్టాక స్వభావం వస్తుంది, నించునే తీరు మారుతుంది. మా కుండకి మొదట కుండమ్మ అనుకున్నాం, పిన్ని దగ్గర పనిచేసే అమ్మాయిలు కుండక్క అని పిలవడం మొదలుపెట్టారు, అదే ఉండిపోయింది. అక్క అయ్యేసరికి వయసు తగ్గింది, నడుం మీద చెయ్యి వచ్చింది.

గీత, రంగు

ఇక్కడి నుంచి కంప్యూటరు పని. చేత్తో వేసింది స్కాన్ చేసి వెక్టర్‌లో మళ్ళీ గీయాలి. వెక్టర్ అంటే చుక్కల బొమ్మ కాదు, గీతల లెక్క, స్టిక్కరంత చేసినా ఫ్లెక్సీ అంత చేసినా పగలదు. ఇల్లస్ట్రేటర్ సాఫ్ట్‌వేర్ ఉంటే సరే, లేకపోతే ఇంక్‌స్కేప్ ఉచితం, ఈ పనికి అది పూర్తిగా సరిపోతుంది. చుక్కల బొమ్మగానే చేయాల్సి వస్తే అసలు ముద్రణ సైజులో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉండాలి, అంటే ఏ4కి 2480 బై 3508 పిక్సెళ్ళు, ఏ3కి 3508 బై 4961. యాప్‌లో నాలుగు మాటలు టైపు చేసి బొమ్మ తీసుకుంటే సరిపోదా అని అడుగుతున్నారు చాలామంది. ఒక్క బొమ్మకైతే బాగానే కనిపిస్తుంది, రెండో భంగిమ అడిగేసరికి మొహం మారుతుంది, రేకు ఇంకో పక్కకి పోతుంది, వ్యాపారం బొమ్మకి ఉండాల్సిన మొదటి గుణం ఎప్పుడూ ఒకేలా ఉండటం.

గీత మందం గురించి ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ముద్రించే సైజులో అర మిల్లీమీటరు కన్నా సన్నం ఉండకూడదు, గీతకీ గీతకీ మధ్య ఖాళీ కూడా అంతకన్నా తక్కువ ఉండకూడదు. గుడ్డ మీద రంగు కొంచెం పాకుతుంది, సన్న ఖాళీలు పూడుకుపోతాయి. గీయడం అయ్యాక గీతలన్నిటినీ ఆకారాలుగా మార్చండి, ఇంక్‌స్కేప్‌లో పాత్ మెనూలో స్ట్రోక్ టు పాత్ అని ఉంటుంది. మార్చకపోతే ప్రింటింగ్ షాపువాళ్ళు బొమ్మని చిన్నది చేసినప్పుడు, వాళ్ళ సెట్టింగుని బట్టి, బొమ్మ తగ్గి గీత మందం అలాగే ఉండిపోవచ్చు, కళ్ళు మూసుకుపోతాయి.

రంగులు మూడు దాటకండి. స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకి ఒక్కో స్క్రీన్ (రంగు దిగే జాలీ చట్రం) కట్టాలి, ప్రతి స్క్రీనుకీ డబ్బు, ప్రతి స్క్రీనుకీ రంగు పక్కకి జరిగే ప్రమాదం. కుండక్కకి ఇటుక రంగు, గీతలకి ముదురు గోధుమ, నోట్లో మంటకి నారింజ. రేకుకి విడిగా రంగు లేదు, తెలుపు. ఈ తెలుపు దగ్గరే చాలామంది దెబ్బతింటారు. తెల్ల మగ్గు మీద తెల్ల రేకు చుట్టూ గీత లేకపోతే రేకే ఉండదు. కోరా గుడ్డ సంచి మీద తెలుపు అని వదిలేసిన చోట మీగడ రంగు కనిపిస్తుంది. నల్ల టీషర్టు మీద అయితే కింద ముందు తెల్ల పూత వేసి, దాని మీద రంగులు వేయాలి, అది ఇంకో స్క్రీను. కాబట్టి అసలు బొమ్మతో పాటు ఒకే రంగులో ఉండే బొమ్మ, ముదురు గుడ్డ మీదకి వేరే బొమ్మ, ఈ మూడూ మొదటే తయారు పెట్టుకోండి. ముదురు గుడ్డకి అసలు బొమ్మని ఉన్నపళంగా తిరగేసి వేయకండి, కళ్ళు తెల్లగా, మొహం నల్లగా మారి భయంకరంగా ఉంటుంది, మళ్ళీ గీయాల్సిందే.

తెలుగు అక్షరాలు

బొమ్మ పక్కన పేరు తెలుగులో ఉండాలని నాకు గట్టిగా ఉంటుంది. కానీ తెలుగు అక్షరాలు ప్రింటింగ్‌లో విరిగినంతగా ఇంకేదీ విరగదు. మొదటి దఫా స్టిక్కర్లు పాతిక వేయిస్తే కుండక్క అన్నది "కుండక్‌క" అని వచ్చింది, కింద ఉండాల్సిన వత్తు పక్కకి వచ్చి పొల్లు కట్టింది. నేను పంపిన ఫైల్లో సరిగ్గానే ఉంది, షాపు కంప్యూటరులో తెరిచేసరికి మారిపోయింది. పాత డీటీపీ షాపుల్లో ఇప్పటికీ అను ఫాంట్లు నడుస్తాయి, మనం టైపు చేసేది యూనికోడ్, రెండూ వేర్వేరు పద్ధతులు. ఇల్లస్ట్రేటర్, ఫొటోషాప్‌లలో కూడా భారతీయ భాషల సెట్టింగు పెట్టకపోతే వత్తులు విడిపోతాయి.

దీనికి మందు ఒకటే. పేరు సరిగ్గా కనిపిస్తున్న మీ కంప్యూటరులోనే అక్షరాలని ఆకారాలుగా మార్చేసి పంపండి, ఇంక్‌స్కేప్‌లో ఆబ్జెక్ట్ టు పాత్, ఇల్లస్ట్రేటర్‌లో క్రియేట్ అవుట్‌లైన్స్. అప్పుడవి అక్షరాలు కావు, గీతలు, ఎవరి దగ్గర తెరిచినా మారవు. మార్చక ముందు ఫైలు ఒకటి విడిగా దాచుకోండి, రేపు స్పెల్లింగు దిద్దాలంటే అది కావాలి.

ఫాంటు కోసం వెతుకుతుంటే అమెరికాలోని తెలుగువాళ్ళ సంస్థ సిలికానాంధ్ర విడుదల చేసిన తెలుగు ఫాంట్లు చూడండి. రామభద్ర, సూరన్న, ధూర్జటి, పెద్దన, తెనాలి రామకృష్ణ లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, వ్యాపారానికి వాడుకోవచ్చు. లావుగా, గుండ్రంగా ఉండే బొమ్మ పక్కన రామభద్ర బాగా కుదురుతుంది. అయితే ఓపిక ఉంటే పేరు చేత్తోనే రాయండి. కుండక్కలో 'డ' తలకట్టుని లేస్తున్న రేకులా వంచాను, అలాంటిది ఏ ఫాంటులోనూ దొరకదు.

భంగిమలు

అయిదు చాలు. నిలబడి నమస్కారం పెట్టేది, పని చేస్తున్నది, తింటూ కళ్ళు మూసుకున్నది, పరుగెత్తేది, మొహం మాత్రమే ఉన్నది. పరుగెత్తేది డెలివరీ సంచికి, నమస్కారం డబ్బాకి, మొహం స్టిక్కరుకి. వీటన్నిటినీ ఒకే కాగితం మీద పెట్టి, తల ఒంటికి ఎన్నో వంతు, ఏ రంగుకి ఏ నంబరు, రేకు ఎప్పుడూ బొమ్మకి కుడి చేతి పక్కనే లేవాలి, ఇవన్నీ రాసిపెట్టండి. రేపు మీరు కాక ఇంకొకరు గీసినా అదే బొమ్మ రావాలి.

ఏ వస్తువు మీద ఎలా

ఇక్కడ కొంచెం ఆగి చదవండి, డబ్బు పోయేది ఇక్కడే.

గుడ్డ సంచితో మొదలుపెట్టమని నా సలహా. ఒక్క రంగు, ఒక్క స్క్రీను, కోరా గుడ్డ. సంచి నిండినప్పుడు కింది భాగం ఉబ్బి ముడతలు పడుతుంది, అందుకని బొమ్మని నడిమికి కాకుండా కాస్త పైకి జరపండి.

టీషర్టులు వంద దాటి వేయిస్తుంటే స్క్రీన్ ప్రింటింగ్, పదీ ఇరవై అయితే డీటీఎఫ్. డీటీఎఫ్‌లో బొమ్మని ముందు ఫిల్మ్ మీద ముద్రించి, జిగురు పొడి చల్లి, వేడి ప్రెస్సుతో గుడ్డకి అంటిస్తారు, ఎన్ని రంగులైనా పడతాయి. కానీ నిండుగా ఉన్న పెద్ద బొమ్మ అయితే ఛాతీ మీద ప్లాస్టిక్ పలకలా ఉంటుంది, మన ఎండల్లో చెమట పడుతుంది. బొమ్మలో అక్కడక్కడ గుడ్డ కనిపించేలా ఖాళీలు వదిలితే హాయిగా ఉంటుంది. పెద్దవాళ్ళ సైజుకి పది పదకొండు అంగుళాల వెడల్పు, మెడ కుట్టు నుంచి మూడు అంగుళాలు కిందికి. పిల్లలకి అదే బొమ్మ వేస్తే చంకల్లోకి పోతుంది, ఏడెనిమిది అంగుళాలకి తగ్గించండి. గుడ్డ 180 జీఎస్ఎం (చదరపు మీటరుకి 180 గ్రాములు) అయితే ఒకటి రెండు ఉతుకుల్లో వేలాడిపోదు.

మగ్గులకి సబ్లిమేషన్, అంటే వేడితో రంగుని పైపూతలోకి ఎక్కించే పద్ధతి. ఆ రంగు పైపూత ఉన్న మగ్గు మీదే పడుతుంది, మామూలు మగ్గు మీద పట్టదు, నూలు గుడ్డ మీదా నిలవదు. అందులో తెల్ల రంగు ఉండదు, మగ్గు తెలుపే తెలుపు. కుడిచేత్తో తాగేవాళ్ళకి కనిపించేది ఒక పక్క, ఎదుటివాళ్ళకి కనిపించేది ఇంకో పక్క. ఎదుటివాళ్ళ వైపు నమస్కారం, తాగేవాళ్ళ వైపు కళ్ళు మూసుకున్నది వేశాం.

ఏప్రన్, టోపీ మీద ఎంబ్రాయిడరీ అయితే బొమ్మని మళ్ళీ సులువు చేయాలి. మిల్లీమీటరు కన్నా సన్న గీత దారానికి లొంగదు, అయిదు మిల్లీమీటర్ల కన్నా చిన్న అక్షరం చదవలేం, తెలుగు వత్తులకైతే ఇంకా పెద్దది కావాలి. టోపీకి మొహం ఒక్కటే చాలు.

స్టిక్కరుకీ డబ్బాకీ చుట్టూ మూడు మిల్లీమీటర్లు బ్లీడ్ వదలండి, అంటే కత్తిరించే గీత దాటి బయటికి కూడా రంగు సాగనివ్వండి, కత్తెర కాస్త అటూఇటూ పోయినా తెల్ల అంచు రాదు. నెయ్యి తగిలే డబ్బా అయితే లామినేషన్ తప్పనిసరి, లేకపోతే రెండో రోజుకి బొమ్మ మీద జిడ్డు మచ్చ వస్తుంది. ముద్రించిన వైపు ఎప్పుడూ బయటికే, తిండికి సిరా తగలకూడదు. బొమ్మ ఎంత ముద్దుగా ఉన్నా లేబుల్ మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) నంబరు, శాకాహారం పచ్చ గుర్తు, తయారీ తేదీ, బరువు, ధర వీటి చోటు ముందు వదిలి, మిగిలిన చోట బొమ్మ పెట్టండి. నేను తిరగేసి చేశాను, మొత్తం మళ్ళీ పేర్చాల్సి వచ్చింది.

ఇంకొకటి చెప్పాలి, నాకు బాగా ఇష్టమైనది. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేస్తారు, 2017లో వాటికి జీఐ (ఫలానా ఊరి సరుకు అని చెప్పే భౌగోళిక గుర్తింపు) వచ్చింది. కర్రని తరిణ మీద తిప్పుతూ ఉలితో చెక్కి, అలా తిరుగుతుండగానే లక్క రంగు పట్టిస్తారు. తిరిగే కర్రలోంచి వచ్చేది కాబట్టి ఆకారం గుండ్రంగా, నాలుగు వైపులా ఒకేలా ఉండాలి. మీ బొమ్మ గుండ్రంగా ఉంటే, కుండ, జాడీ, లడ్డు, ఉల్లిపాయ లాంటిదైతే, అక్కడి కళాకారులతో మాట్లాడండి. కుండక్క ఒళ్ళు అలా సరిగ్గా దిగింది. రేకు మాత్రం దిగలేదు, దాన్ని విడిగా పల్చటి చెక్కతో చేసి అతికించాల్సి వచ్చింది. ఇలాంటి బొమ్మ వేయించాలని ముందే అనుకుంటే గీసేటప్పుడే చేతులు ఒంటికి దగ్గరగా ఉంచండి.

శాంపిల్ చూడకుండా ఆర్డరు ఇవ్వకండి

ఫైలుని వాట్సాప్‌లో ఫొటోలా పంపితే అది కుదించేస్తుంది, డాక్యుమెంటుగా పంపండి లేదా మెయిల్ చేయండి. పీడీఎఫ్ ఒకటి, వెనక ఏమీ లేని పీఎన్‌జీ ఒకటి, ఎలా రావాలో చూపించే మామూలు ఫొటో ఒకటి. కంప్యూటరు తెర మీద కనిపించే నారింజ కాగితం మీద అంత మెరవదు, ముద్రణ రంగుల లెక్క వేరు, కాబట్టి ఒక్క శాంపిల్ తెప్పించుకుని పగటి వెలుగులో చూడండి. టీషర్టుని తిరగేసి అయిదుసార్లు ఉతకండి, లాగి చూడండి, గీత పగులుతుందేమో. సంచిలో అయిదు కిలోల బియ్యం పోసి మోయండి. స్టిక్కరు మీద నెయ్యి చుక్క వేసి రాత్రంతా వదిలేయండి. ఇవన్నీ అయ్యాకే మొత్తం డబ్బు కట్టండి, షాపువాళ్ళు ఎంత తొందరపెట్టినా, పండగ ముందు తొందరపెడతారు.

కాగితాల పని

బొమ్మ ఖరారు చేసే ముందు ఫోన్లో గూగుల్ లెన్స్‌తో వెతికి ఇలాంటిది ఇంకెవరికైనా ఉందేమో చూడండి, ట్రేడ్‌మార్కుల ప్రభుత్వ వెబ్‌సైటులో కూడా ఉచితంగా వెతకొచ్చు.

ఇంకొకరితో గీయిస్తుంటే హక్కుల సంగతి డబ్బు ఇచ్చేటప్పుడే రాసుకోండి. నోటి మాట చాలదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నాళ్ళకో రాయకపోతే అయిదేళ్ళకే అనీ, ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశానికే అనీ లెక్క. మా పిన్ని డబ్బాలు డాలస్‌కీ న్యూజెర్సీకీ కూడా వెళ్తాయి, అక్కడి చుట్టాలు టీషర్టులు అక్కడే వేయించుకుంటామంటున్నారు, అందుకని "ప్రపంచమంతటా, కాపీరైట్ ఉన్నన్నాళ్ళూ, అన్ని రకాల వస్తువుల మీదా" అని రాసుకున్నాం. గీసేవాళ్ళు మీరే అయితే ఇదే మాట మీ వైపు నుంచి ఆలోచించండి. డబ్బా వరకే ఇస్తున్నారా, టీషర్టులకి కూడా ఇస్తున్నారా, దాన్ని బట్టి ధర అడగండి, మొత్తం హక్కులు అడిగితే ఎక్కువ అడగడం న్యాయమే.

ట్రేడ్‌మార్క్ తరగతుల వారీగా ఉంటుంది. స్వీట్లు 30, పచ్చళ్ళు 29, టీషర్టులు 25, మగ్గులు 21, టిఫిన్ సెంటర్ సేవ 43. సొంత మనిషికీ చిన్న సంస్థకీ ఆన్‌లైన్లో ఒక్కో తరగతికి 4,500 రూపాయలు, వస్తే పదేళ్ళు ఉంటుంది, మళ్ళీ పొడిగించుకోవచ్చు. అన్నిటికీ ఒకేసారి కట్టక్కర్లేదు, ముందు తిండి తరగతి, సరుకు అమ్ముడవుతోందనిపిస్తే టీషర్టులది. దరఖాస్తు పెట్టగానే టీఎం అని వేసుకోవచ్చు, సున్నాలో ఆర్ మాత్రం రిజిస్ట్రేషన్ వచ్చాకే.

ఊరి పేరు దగ్గర జాగ్రత్త. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు వచ్చింది, ఆ పేరుతో సరుకు అమ్మాలంటే అధీకృత వాడుకదారుగా నమోదు కావాలి. బందరు లడ్డుకీ జీఐ ఉంది. మీ బొమ్మ కింద అలాంటి ఊరి పేరు పెట్టాలనుకుంటే ముందు నమోదు సంగతి చూసుకోండి, లేదంటే మీ దుకాణం పేరే పెట్టండి. మేం ప్రస్తుతానికి సంచి మీద కుండక్క అని మాత్రమే వేశాం, కింద పిన్ని ఫోన్ నంబరు.